దూరపు గెలాక్సీల ఎక్స్‌రే లెక్క: చేతికొచ్చేది గుప్పెడు ఫోటాన్లే

దూరపు గెలాక్సీని ఎక్స్‌రేలో చూశారు అని వార్త వస్తే పక్కనే ఊదా రంగులో మెరిసిపోయే బొమ్మ ఒకటి ఉంటుంది, అది చూసి ఎవరైనా అంతరిక్షంలో కెమెరా పెట్టి క్లిక్‌మనిపించారనే అనుకుంటారు. అసలు సంగతి వేరు. ఆ రంగు తర్వాత కంప్యూటర్లో వేసింది, దాని కింద ఉన్న డేటా చాలాసార్లు ఓ పదో పదిహేనో చుక్కలు, ఒక్కో చుక్క ఒక్కో ఎక్స్‌రే ఫోటాన్, అంటే ఒక్కో వెలుగు కణం. చంద్ర అనే అంతరిక్ష టెలిస్కోప్ ఒకే ఆకాశపు ముక్కని మొత్తం కలిపి 70 లక్షల సెకన్లు, అంటే దాదాపు 81 రోజులు చూస్తే, అందులో మరీ మసకగా ఉన్నవాటి నుంచి వచ్చింది ఆ మాత్రమే, సగటున వారానికి ఒకటో రెండో. ఇంత తక్కువ సరుకుతో ఎంత పెద్ద మాట చెప్పొచ్చు అన్న లెక్క మీదే ఈ ఫీల్డ్ మొత్తం నడుస్తుంది. ఇంకో ముక్క కూడా మొదట్లోనే చెప్పేసుకుంటే మంచిది, ఎక్స్‌రేలో దూరపు గెలాక్సీ కనిపించింది అంటే ఎక్కువసార్లు కనిపించింది గెలాక్సీ కాదు, దాని నడిమధ్యలో కూర్చున్న బ్లాక్ హోల్ చుట్టూ జరుగుతున్న గొడవ.

ఎక్స్‌రే అనగానే హాస్పిటల్ మెషిన్ గుర్తొస్తుంది కాబట్టి టెలిస్కోప్ ఏదో ఎక్స్‌రేలు వదిలి గెలాక్సీలోపలికి చూస్తుందనుకునేవాళ్లు ఉన్నారు. అలా ఏం కాదు, అక్కడి నుంచి వచ్చేవాటిని ఇక్కడ పట్టుకోవడమే పని. కంటికి కనిపించే వెలుగులో ఒక్కో ఫోటాన్ శక్తి 2-3 ఎలక్ట్రాన్ వోల్టులు (ఇంత చిన్న శక్తులకి వాడే కొలత), ఎక్స్‌రే ఫోటాన్‌కి వందల నుంచి వేల, పదివేల ఎలక్ట్రాన్ వోల్టుల దాకా ఉంటుంది. అంత శక్తి రావాలంటే ఏదో ఒకటి కోట్ల డిగ్రీల లెవెల్లో మరుగుతూ ఉండాలి, కనీసం పది లక్షల డిగ్రీలైనా. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీలే, అందుకని మామూలు నక్షత్రాలు ఈ ఆటలో లెక్కకి రావు, సూర్యుడి కరోనా (చుట్టూ ఉండే పలచటి వేడి పొర) నుంచి కాసిన్ని వస్తాయి గానీ గెలాక్సీ దూరంలో అవి దండగ. గెలాక్సీ అంటే నక్షత్రాల గుంపు అని చిన్నప్పుడు చదువుకుంటాం, ఎక్స్‌రేలో చూస్తే ఆ నక్షత్రాలే దాదాపు మాయమైపోతాయి.

భూమి మీద నుంచి ఇది కుదరదు, వాతావరణం ఎక్స్‌రేలని మొత్తం మింగేస్తుంది (మన ప్రాణాలకి అది మంచిదే అనుకోండి). అందుకే కథ రాకెట్లతో మొదలైంది. 1949లో అమెరికా వాళ్లు యుద్ధంలో దొరికిన జర్మన్ వి-2 రాకెట్లలో డిటెక్టర్లు పెట్టి పంపి సూర్యుడి నుంచి ఎక్స్‌రేలు వస్తున్నాయని చూపించారు. తర్వాత 1962 జూన్ 18న రికార్డో జకోని అనే ఫిజిసిస్ట్ టీమ్ న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ నుంచి ఏరోబీ రాకెట్ ఒకటి పంపింది, చంద్రుడి మీద సూర్యుడి ఎక్స్‌రేలు పడి తిరిగొస్తున్నాయేమో చూద్దామని. డేటా వచ్చింది ఆరు నిమిషాల లోపే, అందులో చంద్రుడు దొరకలేదు గానీ రెండు వేరే విషయాలు దొరికాయి. ఒకటి వృశ్చిక రాశి వైపు చాలా ప్రకాశంగా ఉన్న ఒక సోర్స్, దానికి తర్వాత స్కార్పియస్ ఎక్స్-1 అని పేరొచ్చింది. రెండోది, ఎటు తిరిగినా సమానంగా కనిపించిన ఒక మసక వెలుగు. మొదటిదానికి ఎక్కువ పేరొచ్చింది గానీ దూరపు గెలాక్సీల కథకి అసలు విత్తనం ఆ రెండోదే. బిగ్ బ్యాంగ్ నుంచి మిగిలిన వెలుగు, కాస్మిక్ మైక్రోవేవ్ బ్యాక్‌గ్రౌండ్ గురించి అందరూ వింటారు, అది బయటపడింది 1965లో, ఈ ఎక్స్‌రే బ్యాక్‌గ్రౌండ్ దానికి మూడేళ్ల ముందే దొరికేసింది, ఎందుకో జనాల్లోకి అంతగా వెళ్లలేదు.

ఆ వెలుగు ఎక్కడి నుంచి వస్తోంది అన్న ప్రశ్నకి రెండు జవాబులు పోటీ పడ్డాయి. విశ్వమంతా పలచగా పరుచుకుని ఉన్న వేడి గ్యాస్ వెలుగుతోందని కొందరు, కాదు విడివిడిగా కోట్ల కొద్దీ చుక్కలున్నాయి, మన డిటెక్టర్లకి విడదీసే సత్తా లేక అంతా కలిసిపోయి కనిపిస్తోందని కొందరు. మొదటిదాన్ని చివరికి పడగొట్టింది ఎక్స్‌రే టెలిస్కోప్ కూడా కాదు, మైక్రోవేవ్ చూసే కోబె ఉపగ్రహం. అంత వేడి గ్యాస్ నిజంగా అంతటా ఉంటే దాని గుండా వచ్చే మైక్రోవేవ్ వెలుగు స్పెక్ట్రమ్‌లో (ఏ శక్తిలో ఎంత వెలుగుందో చూపే గీతలో) ఆ గుర్తు పడాలి, 1990లో కోబె చూస్తే స్పెక్ట్రమ్ గీత గీసినట్టు పర్ఫెక్ట్‌గా ఉంది, ఏ వంకరా లేదు. అంటే చుక్కలే. మరి ఆ చుక్కల్ని విడదీసి చూపించాలి కదా, దానికి అద్దాలు కావాలి.

ఇక్కడో చిక్కుంది. మామూలు టెలిస్కోప్ అద్దం మీద ఎక్స్‌రే తిన్నగా పడితే వెనక్కి రాదు, లోపలికి దిగి ఆగిపోతుంది. కానీ చెరువులో పలచటి రాయిని బాగా ఏటవాలుగా విసిరితే మునగకుండా నీళ్ల మీద గెంతుకుంటూ పోతుంది చూడండి, అలాగే ఎక్స్‌రే కూడా అద్దాన్ని ఒరుసుకుంటూ పోయేంత ఏటవాలుగా తగిలితే జారి దారి మళ్లుతుంది. హాన్స్ వోల్టర్ అనే జర్మన్ ఫిజిసిస్ట్ 1952లో దీనికి డిజైన్ ఇచ్చాడు, నిజానికి ఆయన ఆలోచించింది మైక్రోస్కోప్ కోసం. అద్దాలు పళ్లెంలా కాకుండా గొట్టాల్లా ఉంటాయి, ఒక గొట్టంలో ఇంకో గొట్టం దూర్చి పెడతారు. 1970 డిసెంబర్లో కెన్యా తీరం దగ్గర నుంచి వెళ్లిన ఉహురు ఉపగ్రహానికి ఇవేం లేవు, అయినా 339 సోర్సులతో కేటలాగ్ ఇచ్చింది. 1978లో ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ అద్దాలతో వెళ్లి దూరపు ఎక్స్‌రే సోర్సులకి అసలైన బొమ్మలు తీసింది, 1990లో జర్మనీ రోసాట్ ఇంకొంచెం లోతుకి పోయింది.

అసలు మార్పు 1999 జూలై 23న కొలంబియా షటిల్లో వెళ్లిన చంద్రతో వచ్చింది, సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరే దానికి పెట్టారు. నాలుగు జతల గొట్టపు అద్దాలు, ఇరిడియం పూత, అన్నిటికంటే పెద్దది 1.2 మీటర్ల వెడల్పు. వినడానికి బాగానే ఉంది గానీ ఏటవాలు కోణం వల్ల నిజంగా ఫోటాన్లని పట్టే వైశాల్యం చాలా తక్కువ, కొత్తలో కూడా వెయ్యి చదరపు సెంటీమీటర్ల లోపే, హబుల్‌కి అది దాదాపు 40 వేలు. అదే ఏడాది డిసెంబర్లో యూరప్ పంపిన ఎక్స్ఎంఎం-న్యూటన్‌లో మూడు టెలిస్కోపులు, ఒక్కోదాంట్లో 58 గొట్టాలు, ఫోటాన్లు పట్టడంలో అది చంద్రని దాటేస్తుంది. మరి మసక సోర్సుల విషయంలో పేరంతా చంద్రకే ఎందుకొచ్చిందంటే షార్ప్‌నెస్ వల్ల. దాని బొమ్మ అర ఆర్క్‌సెకండ్ పదునుతో ఉంటుంది, అంటే ఒక డిగ్రీని 7,200 ముక్కలు చేస్తే అందులో ఒకటి. ఒక గెలాక్సీ నుంచి వచ్చిన పది ఫోటాన్లూ చాలా చిన్న చుక్కలోనే పడతాయి, ఆ చిన్న చుక్కలో ఊరికే వచ్చిపడే నాయిస్ రోజుల తరబడి చూసినా ఒకటో అరో, కాబట్టి పది వచ్చాయంటే అక్కడ ఏదో ఉన్నట్టే. అదే పది ఫోటాన్లు పెద్ద మరకలా పరుచుకుంటే ఆ మరకలో నాయిస్ కూడా పదులూ వందల్లో ఉంటుంది, గెలాక్సీ దాంట్లో కలిసిపోతుంది. పెద్ద టెలిస్కోప్ కట్టేస్తే అయిపోతుందిగా అనేవాళ్లకి ఈ పాయింట్ తొందరగా ఎక్కదు.

ఫోటాన్ వచ్చి సీసీడీ (డిజిటల్ కెమెరాల్లో ఉండేలాంటి చిప్) మీద పడగానే దాని టైమ్, ప్లేస్, శక్తి మూడూ రాసుకుంటారు. మామూలు కెమెరాలో ఒక్కో పిక్సెల్‌లో వేల ఫోటాన్లు పోగవుతాయి, ఇక్కడ అలా కాదు, ఒక్కోదానికి ఒక్కో ఎంట్రీ, ఎందుకంటే ఒక ఎక్స్‌రే ఫోటాన్ సిలికాన్‌ని తాకితే వందల ఎలక్ట్రాన్లు లేస్తాయి, ఎన్ని లేచాయో లెక్కపెడితే ఫోటాన్ శక్తి తెలిసిపోతుంది. కాస్మిక్ కిరణాలు కూడా వచ్చి తాకుతూనే ఉంటాయి, అవి వదిలే గుర్తు ఆకారం వేరేగా ఉంటుంది కాబట్టి చాలావరకు ఏరి పారేస్తారు, ఏరగా మిగిలినవాటిని నాయిస్‌గా లెక్కలో ఉంచుకుంటారు.

ఇప్పుడు పైన చెప్పిన 70 లక్షల సెకన్ల దగ్గరికి వస్తే, దాన్ని చంద్ర డీప్ ఫీల్డ్ సౌత్ అంటారు, దక్షిణాకాశంలో ఫోర్నాక్స్ నక్షత్రమండలంలో ఉంది. ఆ చోటే ఎందుకు ఎంచుకున్నారంటే అటువైపు మన పాలపుంత గ్యాస్ పలచగా ఉంటుంది, తక్కువ శక్తి ఎక్స్‌రేలకి అడ్డం తక్కువ. 1999 నుంచి 2016 దాకా విడతలు విడతలుగా చూసి అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చారు, 2017లో కేటలాగ్ వచ్చింది, 1,008 సోర్సులు. నడిమధ్య భాగంలో బ్లాక్ హోల్స్ ఎంత కిక్కిరిసి ఉన్నాయంటే అదే లెక్కన పున్నమి చంద్రుడంత చోటులో 5,000, ఆకాశం మొత్తానికి 100 కోట్లు. 1962లో కనిపించిన ఆ మసక వెలుగులో 80-90 శాతం దాకా ఇలా విడివిడి సోర్సులుగా తేలిపోయింది, అందులో చాలావరకు వాటా బ్లాక్ హోల్స్‌దే. ఆ మొదటి రాకెట్‌కీ దీనికీ మధ్య యాభై ఏళ్లకి పైనే, జకోనికి 2002లో నోబెల్ కూడా వచ్చేసింది.

ఎక్స్‌రే చుక్క దొరికినంత మాత్రాన అది ఏంటో, ఎంత దూరమో తెలియదు, పది ఫోటాన్లతో రెడ్‌షిఫ్ట్ (విశ్వం సాగడం వల్ల వెలుగు ఎంత సాగిందన్న లెక్క, దూరం తెలిసేది దీంతోనే) కొలవలేం. అందుకే అదే చోటుని హబుల్, స్పిట్జర్, ఇప్పుడు వెబ్, భూమి మీది పెద్ద టెలిస్కోపులూ అన్నీ చూశాయి, ఎక్స్‌రే చుక్క మీద ఏ గెలాక్సీ కూర్చుందో చూసి దాని దూరాన్ని దీనికి అంటిస్తారు. ఇక్కడా షార్ప్‌నెస్సే కాపాడుతుంది, మరక పెద్దదైతే దాని కింద నాలుగు గెలాక్సీలుంటాయి, ఎవరిదో చెప్పలేం. ఒక్కొక్కటిగా అసలు కనిపించని గెలాక్సీలకి ఇంకో ట్రిక్ ఉంది, స్టాకింగ్ అంటారు, రెండు వేల గెలాక్సీలున్న చోట్లని కత్తిరించి ఒకదాని మీద ఒకటి వేస్తే అన్నీ కలిపి ఒక సగటు సిగ్నల్ వస్తుంది, అలా కలిపితే ఎక్స్‌పోజర్ వందల కోట్ల సెకన్లకి చేరుతుంది. అది ఏ గెలాక్సీదీ కాదు, వాటి సగటుది, ఈ తేడా వార్తల్లో మాత్రం తరచూ ఎగిరిపోతుంది.

ఆ వెయ్యి సోర్సుల్లో సుమారు 70 శాతం గెలాక్సీ మధ్యలో మేస్తున్న బ్లాక్ హోల్సే. గ్యాస్ చుట్టూ తిరుగుతూ పళ్లెంలా పోగై వేడెక్కి అల్ట్రావయొలెట్ వెలుగునిస్తుంది, బ్లాక్ హోల్‌కి బాగా దగ్గర్లో కరోనా అని ఇంకా వేడి ఎలక్ట్రాన్ల మబ్బు ఒకటుంటుంది, ఆ అల్ట్రావయొలెట్ ఫోటాన్లు దాంట్లో దెబ్బలు తిని ఎక్స్‌రేలుగా బయటికొస్తాయి. అది సౌర కుటుంబమంత సైజు చోటు, లక్ష కాంతి సంవత్సరాల గెలాక్సీతో పోలిస్తే ఏమీ కాదు, అయినా ఎక్స్‌రేలో గెలాక్సీ మొత్తాన్ని మించిపోతుంది. మిగిలిన 30 శాతంలో దాదాపు అన్నీ మామూలు గెలాక్సీలే, వాటిలో వెలుగు ఎక్స్‌రే బైనరీల నుంచి వస్తుంది, అంటే ఒక న్యూట్రాన్ నక్షత్రమో (చచ్చిన పెద్ద నక్షత్రంలో మిగిలిన దట్టమైన ముద్ద) చిన్న బ్లాక్ హోలో పక్క నక్షత్రాన్ని పీల్చుకుతినే జంటలు. పెద్ద నక్షత్రాలు ఎంత జోరుగా పుడుతుంటే ఇలాంటి జంటలు అంత ఎక్కువ, కాబట్టి బ్లాక్ హోల్ నోరు మూసుకుని ఉన్న గెలాక్సీలో ఎక్స్‌రే వెలుగు చూసి నక్షత్రాలు పుట్టే రేటు అంచనా వేయొచ్చు. మరీ మసక లెవెల్‌కి దిగేకొద్దీ ఈ మామూలు గెలాక్సీల సంఖ్య బ్లాక్ హోల్స్‌ని దాటడం మొదలవుతుంది, అంటే ఇంకా లోతుకి చూడగలిగితే నిజంగానే గెలాక్సీలని చూసినట్టవుతుంది.

వేడి గ్యాస్ సంగతి మూడోది, అది గెలాక్సీ గుంపుల్లో ఎక్కువ. గెలాక్సీల మధ్య ఖాళీగా కనిపించే చోటంతా కోటి నుంచి పది కోట్ల డిగ్రీల గ్యాస్ నిండి ఉంటుంది, దాని బరువు ఆ గుంపులోని నక్షత్రాలన్నిటి కంటే కొన్ని రెట్లు ఎక్కువ, ఉహురు టైమ్ దాకా ఇది ఎవరికీ తెలియదు. రెండు గుంపులు గుద్దుకున్న బుల్లెట్ క్లస్టర్‌లో ఈ గ్యాస్ ఒకచోట ఆగిపోయింది, గ్రావిటేషనల్ లెన్సింగ్‌తో (బరువు వల్ల వెనకనుంచి వచ్చే వెలుగు ఎంత వంగిందో చూసి) కొలిచిన అసలు బరువు ఇంకోచోట ఉంది, 2006లో వచ్చిన ఆ ఫలితం డార్క్ మేటర్ (వెలుగు ఇవ్వని, బరువు మాత్రం ఉన్న పదార్థం) వైపు ఇప్పటికీ గట్టి సాక్ష్యాల్లో ఒకటి.

మళ్లీ బ్లాక్ హోల్స్ దగ్గరికి వస్తే, దూరం పెరిగేకొద్దీ చూడటం కష్టమవ్వాలి కదా, ఎక్స్‌రేలో ఒక విషయంలో మాత్రం దూరం మేలు చేస్తుంది. చాలా బ్లాక్ హోల్స్ చుట్టూ గ్యాస్, ధూళి దట్టంగా కమ్మేసి ఉంటాయి, తక్కువ శక్తి ఎక్స్‌రేలు అందులోనే ఆగిపోతాయి, 10 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటినవే చీల్చుకుని బయటికొస్తాయి. దగ్గరి గెలాక్సీల్లో వీటిని పట్టాలంటే 2012లో వెళ్లిన నూస్టార్ లాంటిది కావాలి, దానికి అద్దాలకీ డిటెక్టర్‌కీ మధ్య 10 మీటర్ల గడ విప్పుకునే ఏర్పాటుంది, 79 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దాకా చూస్తుంది. చంద్ర అంత పైకి చూడలేదు, కానీ రెడ్‌షిఫ్ట్ 10 ఉన్న గెలాక్సీ నుంచి బయల్దేరిన 22 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ విశ్వం 11 రెట్లు సాగడం వల్ల ఇక్కడికి చేరేసరికి 2 అయిపోతుంది, అది చంద్ర హాయిగా చూసే రేంజ్.

యూహెచ్‌జెడ్1 అనే దూరపు గెలాక్సీలో బ్లాక్ హోల్ దొరికింది ఇలాగే. ఏబెల్ 2744 అనే గెలాక్సీ గుంపు మన నుంచి 350 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, దాని బరువు లెన్స్‌లా పనిచేసి వెనకాలున్న గెలాక్సీ వెలుగుని సుమారు 4 రెట్లు పెంచింది. వెబ్ ఆ గెలాక్సీని పట్టి దూరం కొలిచింది, రెడ్‌షిఫ్ట్ 10 పైన, అంటే 1,320 కోట్ల కాంతి సంవత్సరాలు, బిగ్ బ్యాంగ్ అయిన 47 కోట్ల ఏళ్లకే ఉన్న గెలాక్సీ. చంద్ర రెండు వారాలు అటే చూసి అక్కడ ఎక్స్‌రేలు పట్టింది, అవీ ఎక్కువ శక్తి బ్యాండ్‌లోనే, దట్టమైన గ్యాస్ వెనక దాక్కున్న బ్లాక్ హోల్‌కి ఉండాల్సిన తీరులోనే. 2023 నవంబర్లో ఆకోష్ బొగ్దాన్ టీమ్ దీన్ని ప్రకటించింది, బ్లాక్ హోల్ బరువు కోటి నుంచి 10 కోట్ల సూర్యుళ్లు, ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నీ కలిపితే ఎంతో దాదాపు అంత. మన దగ్గరి గెలాక్సీల్లో ఇది వెయ్యిలో ఒక వంతు లెక్కన ఉంటుంది.

ఎందుకింత హడావుడి అంటే ఒక చిన్న లెక్క వేసి చూడొచ్చు. బ్లాక్ హోల్ ఎంత ఆబగా తిన్నా దాని వెలుగే వచ్చే గ్యాస్‌ని వెనక్కి నెడుతుంది కాబట్టి పెరుగుదలకి ఎడింగ్టన్ పరిమితి అని ఒకటుంది, ఆ స్పీడ్‌లో బరువు రెట్టింపు కావడానికి సుమారు 3 కోట్ల పైచిలుకు ఏళ్లు పడుతుంది. మొదటి తరం నక్షత్రం చచ్చి 100 సూర్యుళ్ల బ్లాక్ హోల్ అయ్యింది, బిగ్ బ్యాంగ్ తర్వాత 20 కోట్ల ఏళ్లకి మొదలుపెట్టి ఒక్క పూటా మానకుండా తింది అనుకున్నా 47 కోట్ల ఏళ్ల నాటికి ఎనిమిది సార్లే రెట్టింపు, అంటే పాతిక వేల సూర్యుళ్లు. కోటి ఎక్కడ, పాతిక వేలు ఎక్కడ. అదే మొదట్లోనే పెద్ద గ్యాస్ మబ్బు నక్షత్రం కాకుండా తిన్నగా కూలిపోయి 50 వేల సూర్యుళ్ల బ్లాక్ హోల్ అయ్యుంటే అవే ఎనిమిది రెట్టింపులతో కోటి దాటేస్తుంది. ఈ బరువైన విత్తనాల సిద్ధాంతం మీద ఆస్ట్రోఫిజిసిస్ట్ ప్రియంవద నటరాజన్ చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు, ఇలాంటి గెలాక్సీ దొరికితే ఎలా కనిపించాలో ఆమె టీమ్ 2017లోనే రాసి పెట్టింది. అయినా ఇది ఒక్క గెలాక్సీ, చాలా కొద్ది ఫోటాన్లు, పైగా బరువు అంచనా మొత్తం ఎంత గ్యాస్ అడ్డం ఉంది అన్న ఊహ మీద ఆధారపడింది, సిద్ధాంతం గెలిచేసింది అని హెడ్‌లైన్ పెట్టడం తొందరపాటే.

దీనికి పూర్తి ఎదురుగా ఇంకో కథ నడుస్తోంది. 2022 నుంచి వెబ్ తీసిన బొమ్మల్లో చిన్నగా ఎర్రగా ఉన్న చుక్కలు వందల్లో దొరుకుతున్నాయి, లిటిల్ రెడ్ డాట్స్ అంటున్నారు, చాలావాటి స్పెక్ట్రమ్‌లో హైడ్రోజన్ గీతలు వెడల్పుగా ఉన్నాయి, అంటే గ్యాస్ సెకనుకి వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది, బ్లాక్ హోల్ ఉన్నప్పుడు కనిపించే గుర్తే అది. సరే ఎక్స్‌రేలో చూద్దామని చంద్ర లోతుగా చూసిన చోట్లలోనే వెతికారు, దాదాపు ఏదీ కనిపించలేదు, స్టాకింగ్ చేసినా రావాల్సినంత రాలేదు. గ్యాస్ మరీ దట్టంగా చుట్టేసి ఉందని ఒక మాట, పరిమితిని దాటి తింటున్నప్పుడు కరోనా సరిగా ఏర్పడక ఎక్స్‌రేలే తక్కువ పుడతాయని ఇంకో మాట, అసలు బ్లాక్ హోల్ బరువే ఎక్కువ అంచనా వేశామని మూడోది. మొదటిదానికి పైన చెప్పిన రెడ్‌షిఫ్ట్ లాభమే అడ్డొస్తుంది, ఎక్కువ శక్తి ఎక్స్‌రేలు కూడా బయటికి రాలేదంటే ఆ గ్యాస్ అసాధారణంగా దట్టంగా ఉండాలి. ఎక్స్‌రే కనిపిస్తే బ్లాక్ హోల్ ఉన్నట్టు, కనిపించకపోతే లేనట్టు అని ఇన్నాళ్లూ నడిచిన సులువు లెక్క ఇక్కడ పనిచేయట్లేదు, యూహెచ్‌జెడ్1 కంటే ఈ కనిపించకపోవడమే ఎక్కువ విషయం చెప్పేలా ఉంది.

తేల్చాలంటే ఇంకా లోతుగా చూడాలి, చంద్ర వయసు మాత్రం పాతికేళ్లు దాటింది. ఎగిరిన కొత్తలోనే భూమి చుట్టూ ఉన్న రేడియేషన్ బెల్టుల్లోంచి పోతున్నప్పుడు అద్దాలు ఎక్స్‌రేలతో పాటు ప్రోటాన్లని కూడా పోగేసి సీసీడీల మీద వేశాయి, కొన్ని చిప్పులు దెబ్బతిన్నాయి, అప్పట్నుంచి బెల్టుల్లోంచి వెళ్లేప్పుడల్లా డిటెక్టర్‌ని పక్కకి జరుపుతున్నారు. డిటెక్టర్ ముందున్న ఫిల్టర్ మీద ఏళ్ల తరబడి ఏదో పొర పేరుకుంటూ తక్కువ శక్తి ఫోటాన్లని ఆపేస్తోంది, కొత్తలో చూసినంత ఇప్పుడు అదే టైమ్‌లో చూడలేదు. 2019లో వెళ్లిన ఇరోసిటా అనే ఎక్స్‌రే టెలిస్కోప్ ఆకాశమంతా స్కాన్ చేసి 2024 జనవరిలో సగం ఆకాశానికి 9 లక్షల సోర్సుల లిస్టు ఇచ్చింది, అందులో 7 లక్షల పైగా బ్లాక్ హోల్సే, కాకపోతే అది వెడల్పుగా చూసేది, లోతుగా కాదు, పైగా రష్యా-జర్మనీ కలిసి చేసిన ఆ పని ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. జపాన్ 2023లో పంపిన ఎక్స్‌రిజమ్ గ్యాస్ వేగాన్ని కొలవడంలో ముందుంది, దూరపు చుక్కల పని దానిది కాదు.

యూరప్ ప్లాన్ చేస్తున్న న్యూఎథీనా 2037 ప్రాంతంలో వెళ్లాలి, ఫోటాన్లు పట్టే వైశాల్యం చంద్ర కంటే ఎన్నో రెట్లు, షార్ప్‌నెస్ మాత్రం 9 ఆర్క్‌సెకండ్లు, అంటే మరీ మసక సోర్సులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయే సమస్య దానికి తప్పదు. నాసాకి యాక్సిస్ అనే ప్రతిపాదన వెళ్లింది, 2024లో స్టడీకి ఎంపికైన రెండిట్లో ఒకటి, ఒకటిన్నర ఆర్క్‌సెకండ్ పదునుతో చంద్ర కంటే చాలా ఎక్కువ ఫోటాన్లు పట్టేలా డిజైన్ చేశారు, ఫైనల్‌గా ఎంపికైతే 2032లో వెళ్లాలన్నది అప్పటి ప్లాన్. ఎర్ర చుక్కల్లో ఎక్స్‌రే అసలు లేదా, ఉండి మనకి అందట్లేదా అన్న ప్రశ్నకి కాగితం మీదైనా సరిపోయేది అలాంటి మెషినే.